ఆముదం పట్టించిన తూటాలు

ఇప్పటి పిల్లలకి అసూయ పడటం ఎంత సులువో చూస్తే ముచ్చటేస్తుంది. ఎక్కడో ఎవడో కొత్త బండి కొని ఫోటో పెడతాడు, వీళ్ళు మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని హాయిగా కుళ్ళుకుంటారు. ఆ రోజుల్లో మాకు ఆ సౌఖ్యం ఎక్కడిది? ఎవడి మీద కుళ్ళుకోవాలో వాడి పక్కనే విస్తరి వేసుకుని తినాలి, వాడి సైకిల్ వెనకే ఎక్కాలి, వాడికి జ్వరమొస్తే బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాలి, వెళ్ళి "ఎలాగుంది?" అని అడగాలి, "తగ్గింది" అంటే సంతోషించాలి. ఇరవై రెండేళ్ళ వయసులో మా మేనత్త కొడుకు మీద నేను పడ్డ అసూయ ఆ బాపతుది. దాన్ని ఒంటిచేత్తో మోశాను. ఒక రివాల్వర్ కోసం మోశాను. ఇన్నేళ్ళయ్యాక చెప్పుకుంటే పోయేదేముంది, చెబుతాను.

మాది రాయగడలో పప్పులు, దినుసులు టోకునా, చిల్లరగానూ అమ్మే కొట్టు. మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి పెట్టాడు, పెదనాన్నా నాన్నా కలిసి నడిపేవారు. పెదనాన్నకి పిల్లల్లేరు. కొట్టు కాక ఆయనకంటూ ఉన్నవి గుడారి దగ్గర ఒక మొక్కజొన్న చేను, తాత నుంచి వచ్చిన ఒక పెద్ద రివాల్వర్. చింతపండు కొనుగోలుకి తాత ఘాటీ రోడ్లమ్మట ఒంటరిగా తిరిగే కాలంలో లైసెన్సు తీసుకున్నాడట. దాన్ని చేత్తో పట్టుకుంటే రోట్లో పొత్రం ఎత్తినట్టుండేది. దాని తూటా ఒక్కొక్కటీ మా పెద్దమ్మ బొటనవేలంత లావు. బజార్లో ఒడియా వాళ్ళు పెదనాన్నని 'బొంధుక సావుకారు' అనేవారు, అంటే తుపాకీ సావుకారని. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన మీసం సర్దుకునేవాడు గానీ, ఏనాడూ దాన్ని మనిషి వైపు తిప్పిన పాపాన పోలేదు. ఆయన పగంతా చిలకల మీద. కంకి పాలు పోసుకునే వేళకి గుడారి చేలో చిలకలు గుంపులు గుంపులుగా దిగేవి. డబ్బాలు కొట్టినా, దిష్టిబొమ్మకి పెదనాన్న పాత కోటు తొడిగినా లెక్కచేసేవి కావు. (ఆ కోటు మీద వాలి మరీ తినేవని పెద్దమ్మ చెప్పేది.)

అసలు తూటాలు ఏడాదికి కాసిని విశాఖపట్నం నుంచి వచ్చేవి. వాటిని పెదనాన్న బీరువాలో పెట్టి తాళం వేసేవాడు, అవి చిలకలకి కావు. చిలకల కోసం ఆయనే ఖాళీ గొట్టాలతో ఇంట్లో వేరే రకం తూటాలు తయారు చేసుకునేవాడు. వాటిలో సీసం గుండు ఉండదు, గింజలుంటాయి. పేలితే ధన్‌మని చప్పుడవ్వాలి, గింజలు చల్లినట్టు మీద పడి చిలకలు హడలిపోవాలి, అంతే. "సిలకని సంపితే ఈ ఇంట్లో పొయ్యి ఎలిగించను," అని పెద్దమ్మ ముందే చెప్పేసింది. (ఇదంతా చట్టమేనా అని నన్నడక్కండి. అప్పుడు నాకు అడగాలని తోచలేదు. ఇప్పుడెవరైనా తలపెడితే మాత్రం కటకటాల వెనక కూర్చోబెడతారు.) తుపాకీ మందు కూరే పని పెదనాన్న ఒక్కడే తలుపేసుకుని చూసుకునేవాడు. ఆ గదిలోకి మమ్మల్ని కాదు కదా, పెద్దమ్మనే రానిచ్చేవాడు కాదు. మా చేతికి వచ్చేసరికి గొట్టంలో మందు మీద అట్టబిళ్ళ బిగించి ఉండేది. ఆ పైన గింజలు నింపి, ఇంకో బిళ్ళ పెట్టి, మైనంతో మూసెయ్యడం మా పని. చోళ్ళు చూశాం, నువ్వులు చూశాం, చివరికి ఆవాల దగ్గర ఆగాం. ఆవాల తూటా పేలితే చేనంతా పోపు వాసన వచ్చేది. "పప్పు కూడా ఉడకబెట్టుకు రావలసింది," అని పెద్దమ్మ ముక్కు మూసుకునేది.

ఈ పనిలో మొదట్లో పెదనాన్నకి నేనొక్కణ్ణే సాయం. ఆవాలు జల్లించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, కళ్ళు మూసుకుని గుప్పిట్లోకి తీసుకుంటే ఇవి బోరిగుమ్మ సంత ఆవాలా, మైదానం ఆవాలా చెప్పేసేవాణ్ణి. మూడు జల్లెళ్ళు పెట్టి, సన్నవి, మధ్యరకం, లావువి విడివిడిగా పోసి ఇచ్చేవాణ్ణి. పెదనాన్న భుజం తట్టేవాడు. నా బతుకు సాఫీగా సాగిపోయేది. అలా సాగుతుండగా గేజి బావ దిగాడు.

గేజి బావ అంటే మా మేనత్త కొడుకు. వాళ్ళ నాన్న రైల్వేలో ఫిట్టరు, ఇల్లు రైల్వే కాలనీలో. వాడి చొక్కా జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్టీలు స్కేలొకటి ఉండేది. దోసె మందం కొలుస్తాడు, గుమ్మం ఎత్తు కొలుస్తాడు, ఒకసారి మా ఇంట్లో కుక్కపిల్ల తోక కొలిచాడు, అందుకే ఆ 'గేజి' పేరు. నాకన్నా మూడు నెలలు పెద్ద. మూడంటే మూడే నెలలు! దానికే నేను వాణ్ణి 'బావా' అని గౌరవంగా పిలవాలి, వాడు నన్ను 'ఒరే' అనొచ్చు. వాడు రైల్వే పరీక్ష రాసి ఖాళీగా ఉన్నాడని మేనత్త మా కొట్టుకి పంపింది, "నాలుగు రోజులు పని నేర్సుకుంటాడు" అని. వాడు కొట్లో పని నేర్చుకోలేదు. రెండో రోజుకే పెదనాన్న తూటాల బల్ల దగ్గర చేరాడు.

అట్టబిళ్ళల్ని నేను కత్తెరతో కత్తిరించేవాణ్ణి. గుండ్రంగానే ఉండేవి, ఇంచుమించు. వాడు ఒక ఇనపగొట్టం అంచుని సాన పట్టి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి బిళ్ళ దింపాడు. పది కొడితే పదీ ఒక్కలాగే. పెదనాన్న వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, కళ్ళజోడు పైకెత్తి చూసి, "సెభాష్‌రా!" అన్నాడు. ఆ సెభాష్ నా చెవిలో ఇప్పటికీ ఉంది. ఎనిమిదేళ్ళు నేను బిళ్ళలు కత్తిరిస్తే ఆయన నోట ఆ మాట రాలేదు. నా ఒళ్ళు భగభగా మండింది. "బావకి సుత్తుంది, నాకు కత్తెరే కదా ఉంది," అన్నాను. ఎవరూ వినలేదు.

అంతటితో ఆగితే సరిపోను. ఆ ఆదివారం గుడారి వెళ్ళినప్పుడు, గట్టుకి అడ్డంగా పాత న్యూస్‌పేపర్ కట్టి దాని మీద కాల్చి చూద్దామన్నాడు బావ. పెదనాన్న కాల్చాడు. కాగితం దగ్గరికి వెళ్ళి చూస్తే ఆవాల చిల్లులన్నీ గుండ్రంగా, చక్రంలా పడ్డాయి. మధ్యలో అరచెయ్యంత మేర ఒక్క చిల్లయినా లేదు. బావ స్కేలు తీసి కొలిచాడు (కొలవకుండా ఉంటాడా!).

"సూసేరా పెద్దమావయ్యా? రివాల్వర్ గొట్టం లోపల మెలికల గాడులున్నాయి. గింజలు గిరగిరా తిరిగి సుట్టూరా ఎల్లిపోతన్నాయి, మద్దిన ఖాళీ. మీరు సిలక మీదకి సూటిగా గురెడితే సిలక్కి తప్ప అన్నిటికీ తగుల్తాది."

పెదనాన్న ఆ ఖాళీలో అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. "ఓరి నీ అసాజ్జం గూలా! ఇన్నేళ్ళూ నా గురి సెడ్డదనుకున్నానురా. గురి మంచిదవబట్టే తగల్నేదన్నమాట!" అని వాణ్ణి కౌగలించుకున్నాడు. ఆ తర్వాత పది రోజులు కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ అదే కథ చెప్పాడు. చెప్పేటప్పుడల్లా, "మా సెల్లెలి కొడుకు కనిపెట్టేడు," అని వాణ్ణి ముందుకి తోసేవాడు. నేను పక్కన జీలకర్ర తూస్తుండేవాణ్ణి. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో జీలకర్ర తూస్తూ తెలుసుకున్నాను. ఒకరోజు అరకిలో అడిగినాయనకి ముప్పావు కట్టి ఇచ్చేశాను.

ఇంతలో ఒక మధ్యాహ్నం పెదనాన్న మా ఇద్దర్నీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"నా సెయ్యి వణుకుతోందిరా. ఇకమీదట దీన్ని ఒక్కణ్ణీ మొయ్యలేను. లైసెన్సులో రిటైనర్ని ఎక్కించాలనుకుంటన్నాను. మీ ఇద్దర్లో ఎవలో ఒకలు."

రిటైనర్ అంటే లైసెన్సుదారు తరఫున ఆయుధం మొయ్యడానికీ, దాని బాధ్యత చూడ్డానికీ సర్కారు ఒప్పుకున్న మనిషి. లైసెన్సు పుస్తకంలో వాడి పేరు ఎక్కుతుంది, పక్కన ఫోటో, దాని మీద గుండ్రంగా ముద్ర. మీకు నవ్వులాటగా ఉండొచ్చు గానీ, అప్పటికి నా పేరంటూ దేని మీదా లేదు. కొట్టు బోర్డు మీద తాత పేరు, తలుపు మీద నాన్న పేరు. పదో తరగతి రెండోసారి పాసయినవాణ్ణి, బజార్లో నన్ను 'సావుకారు తమ్ముడి కొడుకు' అనే తప్ప పేరు పెట్టి పిలిచినవాడు లేడు. బొంధుక సావుకారు పక్కన నేను నడుస్తుంటే, నడుముకి ఆ తోలుసంచీ వేలాడుతుంటే, సంతలో జనం పక్కకి తప్పుకుంటుంటే! ఆ బొమ్మ నా కళ్ళకి కట్టేసింది. ఆ బొమ్మలో అన్నీ సవ్యంగానే ఉన్నాయి, గేజి బావ ఒక్కడే అడ్డం.

"సెరో ఆరు తూటాలు సెయ్యండి," అన్నాడు పెదనాన్న. "వచ్చే ఆదివారం గుడారి ఎల్లి కాలుస్తాను. ఎవలివి బాగుంటే ఆడి పేరు రాస్తాను. ఒకడికిచ్చి ఒకడికి నేదన్న మాట నాకొద్దు."

ఆ వారం నేను తిండి మానేశాను అంటే అబద్ధం, తిన్నాను గానీ రుచి తెలియలేదు. ఆవాలు ఒకటికి నాలుగుసార్లు జల్లించాను. ఒక్కొక్క గింజా ఏరాను. ఏరి పళ్ళెంలో పోసి చూస్తే ఎంచక్కా ఒకే సైజులో ఉన్నాయి గానీ, కళ తప్పినట్టున్నాయి. కొట్లో పుట్టినవాడికి సరుకు కళ తప్పితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కందిపప్పుకి ఏం చేస్తాం? ఆముదం పట్టిస్తాం. పురుగు పట్టదు, నిగనిగలాడుతుంది, కొనేవాడు చెయ్యి పెట్టి చూస్తే జారిపోతుంది. వెళ్ళి కొట్లో డబ్బా నుంచి ఆముదం తెచ్చి, రెండు అరచేతులకీ రాసుకుని, ఆ ఆవాల్ని ప్రేమగా పిసికి పిసికి పట్టించాను. నల్లముత్యాల్లా మెరిశాయి. కాస్త ఎక్కువే పట్టినట్టుంది, అయినా మంచి పనికి పిసినారితనం దేనికని అలాగే గొట్టాల్లో పోసి మైనం మూత వేసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఈ ఉపాయం స్కేలు జేబులో పెట్టుకు తిరిగేవాడికి చస్తే తట్టదు కదా అనుకున్నాను. ఆ అనుకోవడం ఒక్కటే నేను కరెక్టుగా అనుకున్నది.

ఆదివారం పొద్దున్నే జీపులో బయల్దేరాం. పెదనాన్న ముందు డ్రైవరు పక్కన, పెద్దమ్మ పులిహోర గిన్నెతో వెనక, నేనూ బావా ఆవిడకి చెరోవైపు. తూటాలు రెండు రేకు డబ్బాల్లో ఉన్నాయి, మూతల మీద మైదా పిండితో మా పేర్లు అతికించింది పెద్దమ్మ. రామనగుడలో టీ తాగడానికి ఆగితే, నాకు కడుపులో బాగోలేదని జీపులోనే కూర్చున్నాను. నిజంగా బాగోలేదు, అసూయ కడుపులోనే కదా ఉండేది. వాళ్ళటు వెళ్ళగానే బావ డబ్బా మూత తీశాను. ఊరికే చూద్దామని తీశాను, ప్రమాణం చేసి చెబుతున్నాను. చూస్తే ఏముంది! ఆరు తూటాలూ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. మైనం మూత అద్దంలా నున్నగా ఉంది, ఏ ఒక్కటీ వెంట్రుకవాసి ఎత్తూ పల్లం లేదు. నావి పక్కన పెట్టి చూశాను. ఒకదానికి మైనం ఎక్కువై కారింది, ఒకదానికి బిళ్ళ వంకరగా ఉంది, ఒకదాని మీద నా వేలిముద్ర. లోపల ఎంత నల్లముత్యాలుంటే ఏం, పైకి చూస్తే చవతి ఉండ్రాళ్ళలా ఉన్నాయి. నా చేతులు నన్నడక్కుండానే పని చేసేశాయి. వాడి ఆరూ నా డబ్బాలోకి, నా ఆరూ వాడి డబ్బాలోకి. మూతలు పెట్టేసి, కళ్ళు మూసుకుని కడుపు పట్టుకున్నాను. పెద్దమ్మ వచ్చి, "ఎలాగుందిరా నాన్నా?" అంది. "కొద్దిగా సర్దుకుంది పెద్దమ్మా," అన్నాను.

గుడారి చేలో గట్టుకి కాగితం కట్టారు. "పెద్దోడివి ముందు," అన్నాడు పెదనాన్న. ఆ మూడు నెలల పెద్దరికం చూసి మొదటిసారి నాకు సంతోషం కలిగింది. బావ డబ్బా తెరిచి తూటాలు పైకి తీశాడు. తీసి చూసుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. చేసినవాడికి తన వస్తువు తెలియదా? వేలిముద్ర ఉన్నదాన్ని అటూ ఇటూ తిప్పాడు. నా వైపు చూడలేదు. అలాగే పెదనాన్న చేతిలో పెట్టాడు.

పెదనాన్న గురి పెట్టి మీట నొక్కాడు. టక్. అంతే. తుపాకీ గట్టు వైపే పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు (ఆ విషయంలో మహా జాగ్రత్త మనిషి). తర్వాత రెండోది. టక్. మూడోది. టక్. ఆరూ అంతే. చేలో చిలకలు తల కూడా ఎత్తలేదు. నాకు లోపల్నుంచి నవ్వూ భయమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అవి నా తూటాలు కదా, ఎందుకు పేల్లేదు? ఆలోచించే లోపలే నా డబ్బా తీశారు. ధన్! పోపు వాసన గుప్పుమంది, చిలకలన్నీ ఒక్కసారి లేచి గోలగోలగా కొండ వైపు వెళ్ళిపోయాయి. ఆరుకి ఆరూ పేలాయి. కాగితం మీద చక్రం చూడముచ్చటగా పడింది.

"ఒరే, నువ్వురా! నువ్వే నాకు తగ్గోడివి!" అని పెదనాన్న నన్ను ఊపేశాడు. పెద్దమ్మ నా బుగ్గలు పుణికింది. అర నిమిషం, మహా అయితే ముప్పావు నిమిషం, నేను రాయగడ జిల్లాకి రాజుని. లైసెన్సులో ఏ ఫోటో పెట్టాలో కూడా తేల్చేసుకున్నాను, నీలం చొక్కాది.

పెదనాన్న పేలని తూటా ఒకటి తీసుకుని నీడలో కూర్చున్నాడు. పుల్లతో మైనం తవ్వి, ఆవాలు అరచేతిలో పోసుకుని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇది ఆముదం," అన్నాడు. "అడుక్కి కారిపోయి మందంతా తడిసి ముద్దయిపోయింది. ఇంక పేల్తాదా?" తర్వాత తల ఎత్తి మా ఇద్దరి వంకా చూశాడు. "రైల్వే క్వార్టర్లో పెరిగినోడికి గింజలకి ఆముదం పట్టించీ అలవాటు ఎక్కడిదిరా?"

గింజలకి ఆముదం పట్టించేవాళ్ళు ఆ చేలో ఇద్దరే ఉన్నాం, పెదనాన్నా నేనూ. అప్పుడు బావ నెమ్మదిగా ఒకడుగు ముందుకొచ్చాడు.

"నేనే పెద్దమావయ్యా. మన కొట్లో పప్పుకి రాయడం సూసేను కదా, పురుగు పట్టదని నేనూ రాసేను. తప్పయిపోయింది."

నేను నమ్మలేకపోయాను. బతికిపోయాను! నోరు మూసుకుని నిలబడితే చాలు, పేరు నాది, ఫోటో నాది, సంత నాది. మూసుకునే ఉందును కూడా. కానీ పెద్దమ్మ ఊరుకోలేదు. వాడి దగ్గరికి వెళ్ళి, వాడి తల నిమిరి, "సూసేరా, ఎంత మంచి గుంటడో! తప్పు సేసేనని నలుగుర్లో ఒప్పుకోడానికి ఎంత గుండె ఉండాల! ఈడి తర్వాతే ఎవలైనా," అంది. పెదనాన్న కూడా తలూపాడు. "అదీ మాటే," అన్నాడు.

చూడండి, నేను అన్నీ ఓర్చుకున్నాను. బిళ్ళలు ఓర్చుకున్నాను, చక్రం ఓర్చుకున్నాను, మూడు నెలలు ఓర్చుకున్నాను. కానీ తప్పు చేసింది నేను, దానికి మెప్పు వాడికా? నా ఆముదం, నా వేలిముద్ర, నా దొంగతనం, నిజాయితీపరుడన్న పేరు మాత్రం వాడికి! ఆ మంట తట్టుకోవడం నా వల్ల కాలేదు.

"ఆడు అబద్ధం సెప్తన్నాడు పెద్దమ్మా!" అని అరిచాను. "ఆముదం రాసింది నేను! రామనగుడలో డబ్బాల్లో తూటాలు మార్సింది కూడా నేనే! ఆడికి ఆముదం సంగతే తెలీదు!"

అంత గొంతు చించుకుని, అంత గర్వంగా నేరం ఒప్పుకున్నవాడు మా వంశంలో ఇంకొకడు లేడు. అరిచేసి, నా తల కూడా నిమురుతుందని పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో! అయితే ఈ గుంటడు నీ తప్పు తన నెత్తినేసుకున్నాడేటి! ఎంత మనసురా నాయినా నీది!" అని మళ్ళీ వాడికే మెటికలు విరిచింది.

పెదనాన్న నన్ను దగ్గరికి రమ్మన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. "ఆముదం ఎందుకు రాసేవురా?" అన్నాడు.

"పురుగు పట్టకుండా."

"తూటాకి పురుగేటిరా?"

"నిగనిగలాడతాయి కూడా."

"లోపలున్నవి ఎవలు సూస్తారురా?"

ఆయన పెదాలు బిగించాడు, మీసం వణికింది, తర్వాత ఒక్కసారిగా నవ్వు అందుకున్నాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు కొట్టు కోసమే పుట్టేవురా. తుపాకీ నీకెందుకు? కొట్టు నువ్వు సూసుకో. దీన్ని ఆడు సూసుకుంటాడు," అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. పులిహోర పెట్టారు, తిన్నాను. గిన్నె అడుగున మిగిలింది కూడా నాకే వేసింది పెద్దమ్మ. అది ప్రేమో జాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో పెద్దవాళ్ళిద్దరూ కునికిపాట్లు పడుతుంటే నేను ఉండబట్టలేక అడిగాను. "ఎందుకలా సెప్పేవు బావా? ఆ తూటాలు నీవి కావని నీకు తెలుసు కదా."

"నీకు ఆ పేరంటే ఎంత ఆశో నాకు తెలీదేటిరా?" అన్నాడు వాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నాకు బిళ్ళలు కొట్టడం సరదా. లైసెన్సులో పేరెందుకు నాకు?"

అది విన్నాక ఏడుపొకటే తక్కువ. వాడికి కావాలని ఉంటే, వాడూ నాలాగే నిద్రపోకుండా దొర్లితే, నన్ను ఓడించి గెంతులేస్తే, నా అసూయకి ఒక అర్థముండేది. అక్కర్లేనివాడితో ఇంతకాలం పోటీ పడ్డానన్నమాట! రాయగడ వచ్చేదాకా వాడి పక్కన కూర్చుని, వాడు ఇచ్చిన పిప్పరమెంటు చప్పరిస్తూ, వాడి మీదే కుళ్ళుకున్నాను.

ఇదంతా జరిగి ఇరవై నాలుగేళ్ళయింది. లైసెన్సులో బావ పేరే ఎక్కింది, వాడి ఫోటోయే అతికించారు. (బాగా పడలేదు, నాకు అదొక ఓదార్పు.) గింజల తూటాలు ఆ తర్వాత రెండేళ్ళకే ఆగిపోయాయి. పెదనాన్నకి చూపు తగ్గింది, చిలకలు ఇప్పుడు నిశ్చింతగా తింటున్నాయి. ఆయనకి ఎనభై దాటాయి, రోజూ వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బావకి రైల్వేలో ఉద్యోగం వచ్చింది, వాడికీ నెత్తి పలచబడింది. ఇక ఆ రివాల్వర్ బయటి గాలి పీల్చేది ఎన్నికలప్పుడే. ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి, అయ్యాక తిరిగి తెచ్చుకోవాలి. పెదనాన్న కదల్లేడు కాబట్టి ఆ పని రిటైనర్‌ది. బావ సెలవు పెట్టి, తోలుసంచీ భుజాన వేసుకుని, స్టేషన్ వరండాలో లైను కడతాడు. సంత లేదు, తప్పుకునే జనం లేరు. నేను అంతగా కోరుకున్న వైభవమంతా చివరికి ఎర్రటి ఎండలో ఒక లైను.

అయినా ప్రతిసారీ కొట్టు మా అబ్బాయికి అప్పజెప్పి నేనూ వెళతాను. తోడుకి వెళుతున్నానని ఇంట్లో చెబుతాను. పోయిన ఎన్నికలకీ వెళ్ళాను. గంటన్నర నిలబడ్డాం. బావ మోకాళ్ళు రాసుకుంటుంటే జాలేసి, "ఆ సంచీ ఇలాగియ్యి, కాసేపు నేను పట్టుకుంటాను," అన్నాను.

"ఇయ్యకూడదురా, నీ పేరు నేదు కదా," అన్నాడు వాడు. ఎంతో మామూలుగా, టైమెంతయిందో చెప్పినట్టు అన్నాడు. నలభై ఆరేళ్ళ మనిషిని, మనవల్ని ఎత్తుకోబోతున్నవాణ్ణి, కడుపులో చురుక్కుమంది.

ఇంతలో లోపల్నుంచి కానిస్టేబుల్ కాగితం చూసుకుంటూ కేకేశాడు. "రిటేనర్ కియే? ఆగొకు ఆసొ!" రిటైనర్ ఎవరు, ముందుకి రమ్మని. బావ సంచీ సర్దుకుని ఒక అడుగు ముందుకేశాడు. చూసుకుంటే, నేనూ వేశాను. గబుక్కున కాలు వెనక్కి తీసుకుని, గోడ మీద అంటించిన కాగితాలేవో చదువుతున్నట్టు నిలబడ్డాను. ఎవరూ చూడలేదనే అనుకున్నాను. కానీ బావ చూశాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నవ్వాడు. నేనూ నవ్వేశాను, ఏం చెయ్యను.